మా మామ బండి, మా చిన్నాయిన బండి

మా మామది బ్రెజా, పెట్రోలు బండి. మా చిన్నాయినది నెక్సాన్ ఈవీ, అంటే కరెంటు బండి. 2020లో మొదట వచ్చిన రకం, చిన్నాయిన దాన్ని సెకండ్‌హ్యాండులో కొన్నాడు. మామ అమ్మకు తమ్ముడు, చిన్నాయిన నాయినకు తమ్ముడు. ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకుంటారు. బావా బావా అని మొదలైన మాట యాడికి పోయి నిలుస్తుందో మన హోసూరు వాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

మా నాయినకు కారు లేదు. ఆయన లారీ డ్రైవరు. వారానికి నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఏ బండి ఎక్కువ స్పీడు అని వాళ్లిద్దరూ అరుచుకుంటూ ఉంటే నాయిన నవ్వి ఊరుకునేవాడు. ఈ విషయంలో ఆయన నోరు తెరిచింది ఒక్కసారే.

ఈ గొడవ పెద్దది కావడానికి కారణం నేను. అందుకే రాస్తున్నాను.

పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో సరళరేఖా చలనం పాఠం అయిపోయిన వారమది. ఆ పాఠంలో త్వరణం అనే మాట ఉంది. ఒక సెకనులో వేగం ఎంత మారింది అనేదే త్వరణం. ‘త్వరగా రా పాపా’ అని అవ్వ పిలుస్తుందే, ఆ త్వర లోనుంచే ఈ మాట వచ్చిందని మా సార్ చెప్పినప్పుడు నాకు భలే నచ్చింది. ఎంత వేగంగా పోతున్నావు అన్నది ఒక ప్రశ్న, ఆ వేగాన్ని ఎంత త్వరగా అందుకున్నావు అన్నది ఇంకొక ప్రశ్న. మా ఇంట్లో రోజూ జరిగే గొడవలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయని నాకు ఆ పొద్దే తెలిసింది.

మామ అనే మాట ఇది: “నీ బండి 120 కాడ నిలిచిపోతాది బావా. నాది 150 దాటి పోతాది.”

చిన్నాయిన అనే మాట ఇది: “సిగ్నలు పడినాంక చూడు బావా. నువ్వు రెండో గేరు వేసే లోపల నేను టీ తాగేసి ఉంటా.”

ఇద్దరూ చెప్పేది నిజమే. నెక్సాన్ ఈవీ సున్నా నుంచి 100కి 9.9 సెకన్లలో పోతుందని కంపెనీ చెప్పింది. దాని గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు, అంతే. బ్రెజా మెల్లగా మొదలుపెడుతుంది కానీ ఖాళీ రోడ్డు దొరికితే అంతకంటే పైకి పోగలదు. త్వరణం ఎక్కువ ఉన్నదానికి గరిష్ఠ వేగం తక్కువ, గరిష్ఠ వేగం ఎక్కువ ఉన్నదానికి త్వరణం తక్కువ. రెండూ ఒకే బండికి ఉండాలి కదా, ఇట్ల ఎందుకుంది అని నాకు నిద్ర పట్టలేదు.

దానికి జవాబు మా ఊరి తేరులో దొరికింది.

చంద్రచూడేశ్వరస్వామి తేరు లాగేటప్పుడు మీరూ చూసి ఉంటారు. కష్టమంతా మొదట్లోనే. మోకులు పట్టుకొని వందల మంది లాగుతారు, వెనక నుంచి చక్రాలకు కొయ్యలు పెట్టి తోస్తారు, అయినా తేరు కదలదు. ఒకసారి కదిలిందంటే అంత బలం అక్కరలేదు. నిలిచిన బండికి కావలసింది మొదటి తోపు. కరెంటు మోటారు దగ్గర ఆ తోపు సిద్ధంగా ఉంటుంది. నెక్సాన్ మోటారు తిప్పే బలం, అంటే టార్క్, 245 న్యూటన్ మీటర్లు. కాలు నొక్కీ నొక్కక ముందే అదంతా చక్రాలకు అందుతుంది. బ్రెజా ఇంజనుది సుమారు 137 న్యూటన్ మీటర్లు. అది కూడా ఇంజను నిమిషానికి 4400 చుట్లు తిరిగినప్పుడే పూర్తిగా వస్తుంది. అంతదాకా ఇంజను గొంతు సవరించుకుంటూ ఉంటుంది. శక్తిలో కూడా తేడా ఉంది, కరెంటు బండిది 129 పీఎస్, పెట్రోలు బండిది 103 పీఎస్. ఒక్క విషయంలో పెట్రోలు బండికి లాభం: అది పదకొండు వందల పైచిలుకు కిలోలు, బ్యాటరీ మోసే కరెంటు బండి 1400 కిలోలు.

ఇంక గరిష్ఠ వేగం సంగతి. మత్తిగిరి రోడ్డులో ఎదురుగాలికి సైకిలు తొక్కిన వాళ్లకు ఇది తెలుసు. వేగం రెండింతలైతే గాలి అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. ఆ గాలిని తోసుకుంటూ పోవడానికి పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలవుతుంది. పెట్రోలు బండికి అయిదు గేర్లున్నాయి, ఒక్కొక్క వేగానికి ఒక్కొక్కటి వేసుకుంటూ పోతుంది. కరెంటు బండికి ఉన్నది ఒకే గేరు. వేగం పెరిగే కొద్దీ మోటారు కూడా అంతకంతకూ గబగబా తిరగాల్సిందే. బ్యాటరీ చూస్తే 30.2 యూనిట్లది. 150లో పోతే అది కళ్లముందే ఖాళీ అయిపోతుంది. అందుకని 120 దగ్గర కంపెనీయే గీత గీసి పెట్టింది.

ఇదంతా నోట్‌బుక్కులో రాసుకున్నాను. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కొలిచి చూడాలనిపించింది.

మా ఇంటికి కొంచెం దూరంలో ఒక లేఅవుటు ఉంది. రోడ్లు వేసినారు, ఇళ్లు ఇంకా కట్టలేదు, గేటు ఉంది. ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరినీ అక్కడికి పిలుచుకొని పోయినాను. 60 దాటకూడదు అని అమ్మ షరతు పెట్టింది. రోడ్డు చివర తానే నిలబడి పిల్లలెవరూ రాకుండా చూసుకుంది. నేను ముందు సీట్లో ఫోనులో సెకన్ల గడియారం పెట్టుకొని కూర్చున్నాను. తమ్ముడు వెనక సీట్లో. రెండు బండ్లలోనూ మేమే కూర్చున్నాం కాబట్టి బరువులో మోసం లేదు. ఒక్కొక్క బండికి మూడు సార్లు.

బ్రెజా సున్నా నుంచి 60కి 6.4, 6.1, 6.6 సెకన్లు తీసుకుంది. సరాసరి 6.4. నెక్సాన్ 5.2, 5.0, 5.1. సరాసరి 5.1. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. భాగించి చూస్తే బ్రెజా త్వరణం 2.6, నెక్సాన్ త్వరణం 3.3. ఈ అంకెలను మీరు పత్రికల్లో వచ్చే పరీక్షలతో పోల్చకండి. వేలితో నొక్కిన గడియారం, స్పీడోమీటరు ముల్లు చూసి చెప్పిన 60, మామ గేరు మార్చడంలో పోయిన అర సెకను, అన్నీ కలిసిన అంకెలివి. కానీ రెండు బండ్లకూ ఒకే రకం తప్పులు జరిగి ఉంటాయి కాబట్టి తేడా మాత్రం నిజమే.

చిన్నాయిన ఆ కాగితాన్ని ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టినాడు. కింద ఒక తాబేలు బొమ్మ కూడా. దేన్కనికోటలో ఉండే పెదమ్మ వాళ్లు, బెంగళూరులో ఉండే అక్కావాళ్లు, అందరూ నవ్వే బొమ్మలు పెట్టినారు. నాకూ గర్వంగానే ఉండింది. నేను రాసిన పట్టిక కదా. మామ ఏమీ రాయలేదు. ‘చూసినట్టు’ నీలం టిక్కులు మాత్రం పడినాయి.

తర్వాతి శుక్రవారం దేన్కనికోటలో పెదమ్మ ఇంట్లో నామకరణం. పోయేటప్పుడు బాగానే పోయినాం. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మామ బండిలో అయిదు మందిమి. మామ, పక్కన అమ్మ, వెనక అవ్వ, నేను, తమ్ముడు. ఏసీ వేసి ఉంది. చిన్నాయిన మాకంటే ముందే బయలుదేరి పోయినాడు. పోతా పోతా “మెల్లగా రా బావా, తొందరేం లేదు” అని నవ్వి పోయినాడు.

కొంత దూరం వచ్చినాంక ముందర ఒక బస్సు అడ్డం వచ్చింది. సుమారు 50లో పోతోంది. రోడ్డు రెండు వరసలది, మధ్యలో గోడ లేదు. కొంచెం ఎత్తు. ముందు ఎడమ పక్కకు మలుపు, ఆ పక్కనే చింతచెట్లు. తమ్ముడు ఊరికే ఫోనులో వీడియో తీస్తూ ఉన్నాడు. మామ రెండు సార్లు బండిని కుడి పక్కకు తీసి చూసి వెనక్కి వచ్చినాడు. మూడోసారి నాతో, “పాపా, నీ గడియారం పెట్టు. దీని పికప్ ఏందో ఇప్పుడు చూద్దువు” అన్నాడు.

నేను గడియారం పెట్టలేదు. వద్దు మామా అని కూడా అనలేదు. ఇప్పటికీ నాకు బాధ అనిపించేది ఆ రెండోదే.

బండి కుడి వరసలోకి పోయింది. ఇంజను గట్టిగా అరిచింది కానీ బండి అంత తొందరగా కదలలేదు. సగం బస్సు దాటినాం. మలుపులోనుంచి లారీ వచ్చింది. లైట్లు వేసింది, హారను కొట్టింది. అవ్వ “సామీ” అనింది. అమ్మ చేయి పెట్టి డాష్‌బోర్డు పట్టుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో నేను సరిగా చూడలేదు, కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి మేము బస్సు ముందర ఎడమ వరసలో ఉన్నాం. బస్సు డ్రైవరు వెనక నుంచి హారను మీద చేయి తీయకుండా మోగిస్తున్నాడు. అద్దంలో చూస్తే లారీ ఎడమ చక్రాలు మట్టిలోకి దిగి ఉన్నాయి, దుమ్ము లేస్తోంది.

ఇల్లు చేరే దాకా ఎవరూ మాట్లాడలేదు. ఇంట్లోకి వచ్చినాంక మామ నీళ్లు తాగి అన్న మొదటి మాట ఇది: “బండికి పికప్ లేదు. అదే బావ బండి అయ్యుంటే దాటి పోయేవాళ్లం.” మరుసటి రోజు నుంచి దీన్ని అమ్మేసి ఇంకా బలమైన బండి తీసుకుంటానని మొదలుపెట్టినాడు. కరెంటు బండ్లలో కొత్త రకాలు సున్నా నుంచి 100కి 9 సెకన్ల లోపలే పోతాయట, అవి చూస్తానన్నాడు. అవ్వ మాత్రం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

నేను తమ్ముడి వీడియోను ఎన్ని సార్లు చూసినానో లెక్క లేదు. మొదట భయంతో చూసినాను. తర్వాత ఒకసారి స్పీడోమీటరు ముల్లు కనబడుతోందని గమనించినాను. బండి కుడి పక్కకు తిరిగినప్పుడు ముల్లు 50 మీద ఉంది. లారీ కనబడినప్పుడు 68 దగ్గర. మధ్యలో 5 సెకన్లు. 18 కిలోమీటర్ల వేగం పెరగడానికి 5 సెకన్లంటే త్వరణం సెకనుకు సెకనుకు 1 మీటరు. లేఅవుటులో వచ్చింది 2.6. అదే బండి, అదే డ్రైవరు, సగం కూడా లేదు.

ఎందుకంటే మామ నాలుగో గేరులో ఉన్నాడు. 50 వేగంలో నాలుగో గేరంటే ఇంజను నిమిషానికి 2000 చుట్లు కూడా తిరగదు. దాని బలం యాడుందో పైన చెప్పినాను, 4400 దగ్గర. పైగా ఎత్తు, అయిదు మంది, ఏసీ. మూడో గేరుకు దిగి ఉంటే కొంత మేలు. నా పట్టిక చూపించింది నిలిచిన చోటు నుంచి 60 దాకా పోయే త్వరణాన్ని. బస్సును దాటడానికి కావలసింది 50 నుంచి 80, 90 దాకా పోయే త్వరణం. దాన్ని నేను కొలవనే లేదు. ఆ చిన్న రోడ్డులో కొలవడానికి చోటు లేదు. కొలిచిన దానిని పెద్దగా చెప్పి, కొలవని దాని గురించి ఏమీ అనకుండా ఊరుకున్నాను. మామ తప్పు ఎంతుందో నా తప్పు కూడా కొంతుంది. బండిది మాత్రం ఏ తప్పూ లేదు.

సరే, మామ అన్నట్టు చిన్నాయిన బండి అయ్యుంటే ఏమయ్యేది? దానికి లెక్క వేసినాను.

బస్సు పొడవు 11 మీటర్లు అనుకున్నాను. మన రెండు బండ్లూ 4 మీటర్లకు వెంట్రుకవాసి తక్కువ. బ్రెజా 3995 మిల్లీమీటర్లు, నెక్సాన్ 3993. 4 మీటర్లు దాటితే పన్ను లెక్క మారుతుందని ఈ తరగతి బండ్లన్నిటినీ ఆ కొలత లోపలే ఆపుతారు. బస్సు వెనక 15 మీటర్లు వదిలి మొదలుపెట్టి, బస్సు ముందు 15 మీటర్లు వదిలి ఎడమకు రావాలంటే మొత్తం బస్సు కంటే 45 మీటర్లు ఎక్కువ పోవాలి. దూరం అంటే సగం త్వరణం ఇంటూ కాలం ఇంటూ కాలం. త్వరణం 1 అయితే 9.5 సెకన్లు పడుతుంది. ఆ లోపల మన బండి రోడ్డు మీద 177 మీటర్లు పోతుంది. ఎదురుగా వచ్చే లారీ 60లో వస్తే అది 158 మీటర్లు వస్తుంది. రెండూ కలిపి 335 మీటర్లు. అంత దూరం రోడ్డు ఖాళీగా కనబడితేనే దాటాలి.

చిన్నాయిన బండికి, అదే ఎత్తులో, అదే అయిదు మందితో, త్వరణం 2 ఇచ్చినాను. కాలం 6.7 సెకన్లు. మన బండి 138 మీటర్లు, లారీ 112 మీటర్లు, మొత్తం 250.

అంటే మామ చెప్పింది వట్టి మాట కాదు. దాదాపు మూడు సెకన్లు, 85 మీటర్లు తేడా. ఒక ప్రాణం నిలబడడానికి 85 మీటర్లు చాలా ఎక్కువ. ఇంకొకటి కూడా కనబడింది. దాటడం ముగిసేసరికి ఒక బండి వేగం 84, ఇంకో బండి వేగం 98. రెండూ 100 లోపలే. 120 ఎక్కువా, 150 ఎక్కువా అని ఇన్నాళ్లు అరుచుకున్నారే, ఆ అంకె ఈ లెక్కలో యాడా రాలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన హద్దు కూడా కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేలో 120, మధ్యలో గోడ ఉన్న నాలుగు వరసల రోడ్డులో 100. 2019 జులై నుంచి కొత్త కార్లకు పెట్టిన నియమం ప్రకారం 80 దాటితే టింగు టింగు మనాలి, 120 దాటితే నోరు మూయకూడదు. మామ బండి బెంగళూరు రోడ్డులో అట్ల కూయడం విని తమ్ముడు దానికి ‘అవ్వ’ అని పేరు పెట్టినాడు.

నాయిన ఊరికి వచ్చినప్పుడు ఈ లెక్కంతా చూపించినాను. అమ్మ జరిగింది ముందే ఫోనులో చెప్పేసింది. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. భోజనం చేసి చేయి కడుక్కొని వచ్చి, నోట్‌బుక్కు తీసుకొని చాలా సేపు చూసినాడు. ఆయన చదివింది ఎనిమిది దాకానే. ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి ఇదేంది, ఇదేంది అని అడిగినాడు. చెప్పినాను.

“లారీ 60లో వస్తా ఉండాది అని రాసినావు.”

“అవును నాయినా.”

“9 సెకన్లూ 60లోనే వస్తా ఉండాదా?”

“అట్లనే అనుకున్నాను. సమవేగం.”

“మరి వాడు బ్రేకు కొట్టినాడు గదా పాపా. మట్టిలోకి దించినాడు గదా. నీ లెక్కలో వాడు యాడ ఉండాడు?”

నా దగ్గర జవాబు లేదు. నా లెక్కలో లారీ ఒక చుక్క. దానికి సెకనుకు 16.7 మీటర్లు అని ఒక అంకె ఉంది, అంతే. దానిలో కూర్చున్న మనిషి లేడు.

నాయిన చెప్పుకుంటూ పోయినాడు. లోడు ఉన్న లారీకి బ్రేకు వేసినంత మాత్రాన నిలిచిపోదట. గట్టిగా తొక్కితే వెనక సరుకు ముందుకు వస్తుందట. మట్టిలోకి దించితే పల్టీ కొట్టే భయం. మా తేరును ఆపడానికి చక్రాల కింద కొయ్య దిమ్మెలు వేసే వాళ్లు ఉన్నారే, వాళ్ల పని అది. “మీ మామ కాలు యాక్సిలేటరు మీద ఉండింది. మిమ్మల్ని బతికించిన కాలు బ్రేకు మీద ఉండింది. అది మీ బండిలో లేదు” అన్నాడు. ఎన్నిసార్లు నువ్వు అట్ల బ్రేకు కొట్టినావు నాయినా అని అడిగినాను. “లెక్క పెడితే బండి తోలలేం” అన్నాడు.

ఆ రాత్రి లెక్కలో ఇంకో గడి వేసినాను. లారీ 60లో ఉంది. డ్రైవరు చూసి కాలు బ్రేకు మీదకు తేవడానికి 1 సెకను, అంటే 16.7 మీటర్లు పోయినాయి. తర్వాత సెకనుకు సెకనుకు 4 మీటర్లు తగ్గిస్తూ వస్తే ఇంకా 35 మీటర్లకు నిలుస్తుంది. మొత్తం 52. మా మధ్య ఆ పొద్దు ఎంత మిగిలిందో వీడియోలో తెలియదు. ఆ సమయానికి తమ్ముడి చేతిలోనుంచి ఫోను కింద పడిపోయింది. చివరి మూడు సెకన్లు సీటు కింద చీకటి, అవ్వ గొంతు, అంతే.

మరుసటి పొద్దున నాయిన నన్ను మోపెడు మీద ఆ మలుపు దగ్గరికి పిలుచుకొని పోయినాడు. మామ బండి కుడికి తిరిగిన చోటు వీడియోలో ఒక మైలురాయి పక్కన ఉంది కాబట్టి గుర్తు పట్టినాం. నాయిన రోడ్డు వైపు నడిచినాడు, నేను లోపలి వైపు మట్టిలో నడుస్తూ అడుగులు లెక్కపెట్టినాను. లారీ మొదట కనబడిన చింతచెట్టు దాకా 300 అడుగులు. నా అడుగు 70 సెంటీమీటర్లు, ఇంట్లో టేపుతో కొలుచుకొని పోయినాను. 210 మీటర్లు.

మామ బండికి కావలసింది 335. చిన్నాయిన బండికి కావలసింది 250. అక్కడ ఉన్నది 210.

నాయిన ఆ అంకె విని తల ఊపినాడు. అంతలో ఒక లారీ మలుపు తిరిగి వచ్చింది. డ్రైవరు నాయినను గుర్తుపట్టినట్టుంది, ఒక్కసారి హారను కొట్టి చేయి ఎత్తి పోయినాడు.

ఈ కాగితాన్ని నేను వాట్సాప్‌లో పెట్టలేదు. మామ ఇంటికి పోయి చేతికిచ్చినాను. ఆయన కళ్లజోడు పెట్టుకొని మొదటి నుంచి చివరి దాకా చదివినాడు. 250 దగ్గర వేలు పెట్టి నిలబెట్టినాడు. తర్వాత 210 దగ్గర.

“ఇది ఎవరు కొలిచింది?”

“నేనే మామా. నాయిన పక్కన ఉండినాడు.”

“మీ నాయిన ఏమన్నాడు?”

బ్రేకు మాట చెప్పినాను. మామ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కాఫీ తాగిపో అన్నాడు. బండి అమ్మే మాట ఆ తర్వాత మా ఇంట్లో వినబడలేదు. ఆయన మారిపోయినాడని నేను రాయను. ఒక నెల చూసి ఒక మనిషి గురించి అట్ల చెప్పడం సరి కాదు.

పోయిన ఆదివారం మళ్లీ దేన్కనికోటకు పోయినాం, అదే రోడ్డు, అదే బండి, వెనక అదే సీట్లలో మేమే. ఈసారి మా వెనక చిన్నాయిన బండి. ఆ మలుపుకు కొంచెం ముందర ఒక పాల వ్యాను దొరికింది. 40లో పోతోంది, క్యాన్లు గలగలమంటున్నాయి. మామ మూడో గేరుకు దిగినాడు. బండి కుడికి తీయలేదు. వెనక నుంచి చిన్నాయిన హారను కొట్టినాడు, ఒకటి, రెండు, మూడు.

“మీ చిన్నాయినకు ఫోను చేసి చెప్పు పాపా,” అన్నాడు మామ, “ముందర చెరువు కట్ట దాటితే రోడ్డు అర మైలు కనబడతాది, అక్కడ దాటుకొని పొమ్మను. అంతదాకా మోగించుకోనీ.”

ఫోను చేసినాను. అవ్వ నా భుజం మీద తల పెట్టి నిద్రపోతా ఉంది.